గాలిరౌతు ఎడమచేతివాడు

గంటా పది నిమిషాలైంది, నాకింకా ఏమీ అనిపించలేదు. తెర మీద ఒక మహానగరం కూలిపోతోంది, మేడల మీంచి అద్దాలు వానలా రాలుతున్నాయి, కాళ్ళ కింద నేల అదురుతోంది, పక్కన జూమానా పాప్‌కార్న్ డబ్బాలో పెట్టిన చెయ్యి బయటికి తియ్యడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది. నేను మాత్రం ఈ గాజంతా రేపు పొద్దున ఎవరు ఊడుస్తారా అని ఆలోచిస్తున్నాను. రేవులో పేలుడు జరిగిన ఆ ఆగస్టులో మూడు వారాలపాటు బేరూత్‌లో ఒకటే చప్పుడు, చీపురు కింద గాజు. తెల్లారి లేస్తే అదే, మధ్యాహ్నం కునుకు తీద్దామంటే అదే, ఎదురింటి బాల్కనీలో, కింద వీధిలో, పక్క వీధిలో. ఏరినకొద్దీ దొరికేది. నా పప్పుల డబ్బాలో దొరికింది, ఏడాది తర్వాత చలికోటు జేబులో చెయ్యి పెడితే వేలికి గుచ్చుకుంది. ఇక్కడ పావుగంట నుంచి గాజు రాలుతూనే ఉంది, చీపురు పట్టిన మనిషి ఒక్కడంటే ఒక్కడు కనిపించడు. తప్పు నాదేనేమో. డెబ్బై మూడేళ్ళు వచ్చాయి, సినిమా చూడమంటే చీపుర్లు వెతుక్కుంటున్నాను.

అందరికీ నచ్చింది మరి. నచ్చడం అంటే చిన్నమాటే. మా సందులో మందుల షాపు హిక్మత్ బీపీ మాత్రలు చేతికిస్తూ, "మదామ్ వదాద్, ఒక రుమాలు చాలదు, రెండు పట్టుకెళ్ళండి. నేను మా ఆవిడ ముందు ఏడ్చాను, పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి" అన్నాడు. ఇందాక టాక్సీ డ్రైవరు ఎదర బస్సు వస్తున్నా సరే వెనక్కి తిరిగి మరీ, వంతెన సీను గురించి విన్నారా పెద్దమ్మా అన్నాడు, ముందు రోడ్డు చూడు నాయనా అన్నాను. పత్రికలో ఒకాయన సినిమాల చరిత్ర రెండు ముక్కలైందని, దీనికి ముందుదొకటి, దీని తర్వాతదొకటి అని రాశాడు. జూమానాకైతే ఇది మూడోసారి. మా చెల్లెలి మనవరాలు. చెల్లెలు పోయాక అమ్మమ్మని పిలిచినట్టు నన్నే తేతా అని పిలవడం మొదలుపెట్టింది, ఎప్పుడు మొదలుపెట్టిందో కూడా మేమిద్దరం గమనించలేదు. వారం రోజులు నా వెంటపడింది. "ఒక్క వంతెన సీను కోసం రా తేతా. నువ్వు బండరాయివైనా సరే, కరిగిపోతావ్, నాదీ పూచీ." బండరాయి అన్నది సరదాకే, కానీ ఆ మాట నాలో ఎక్కడో సూటిగా తగిలింది. చెల్లెల్ని మట్టి చేసిన రోజున కూడా నా కంట చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్ళు చూశారు, చూసి ఏమనుకున్నారో కూడా నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు గానీ ఇవాళ నేను వచ్చింది సినిమా చూడ్డానికి కాదు, ఏడవడానికి. ఆ వంతెన నాకు కొత్త కాదు. ఆ వంతెన కథ పిల్లల బొమ్మల పత్రికలో అరబీలో అచ్చయినప్పుడు అక్షరాలు రాసింది నేను.

అదుగో, పొగలోంచి గాలిరౌతు వచ్చాడు, హాలంతా ఈలలు. మంచి దవడ, మంచి భుజాలు, నేలకు తగలని నడక. కుడిచెయ్యి ఎత్తి పడిపోతున్న మేడను ఆపాడు. కుడిచెయ్యి. నాకదే మింగుడుపడటం లేదు, మొదటి నిమిషం నుంచీ. గాలిరౌతు ఎడమచేతివాడు. అమెరికా నుంచి వచ్చే బొమ్మల పేజీలు ఎడమ నుంచి కుడికి పోయేవి, మనవాళ్ళు కుడి నుంచి ఎడమకి చదవాలి కదా, అందుకని ప్రెస్సులో ప్రతి పేజీనీ అద్దంలో చూసినట్టు తిరగేసేవాళ్ళు. దాంతో వాడి పాపిడి అటుదిటు మారేది, గుండె కుడివైపుకి వచ్చేది, ఊళ్ళో కార్లన్నీ రోడ్డుకి తప్పు పక్కన నడిచేవి. ఛాతీ మీది ఇంగ్లీషు అక్షరాన్ని నేను బ్లేడుతో గీకేసి, తెల్లరంగు పూసి, ఆరాక అరబీ అక్షరం దిద్దేదాన్ని. హమ్రా వీధిలో చెప్పుల షాపు మీద మూడో అంతస్తులో మా ఆఫీసు, కిటికీ తీస్తే కొత్త తోలు వాసన. తొమ్మిదేళ్ళు నడిచిన పిల్లల పత్రిక, వారానికి ముప్పైరెండు పేజీలు, పేజీకి పదిహేను ఇరవై మాటల బుడగలు, అన్నీ నా చేతి మీదుగానే. ఇక్కడ తెర అడుగున అరబీ మాటలు పరుగెడుతున్నాయి, యంత్రం కుట్టిన అక్షరాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, చుక్కలు ఎక్కడ పడాలో అక్కడ పడకుండా. ఒళ్ళో ఉన్న సంచి మీద నా వేలు ఊరుకోవడం లేదు, వాటిని దిద్దుకుంటూ పోతోంది. జూమానా చూసి, నేను భయపడి వణుకుతున్నాననుకుని, నా చెయ్యి పట్టుకుంది.

గాలిరౌతు అన్న పేరు పెట్టింది నఖ్లే. ఇంగ్లీషులో వాడి పేరు వేరే, ఇవాళ బయట పోస్టరు మీద ఆ ఇంగ్లీషు పేరే ఉంది, కానీ ఈ ఊళ్ళో టాక్సీ డ్రైవరు దగ్గర్నుంచి అందరూ ఇప్పటికీ గాలిరౌతనే అంటారు. అరవయ్యేళ్ళవాళ్ళు వాళ్ళ మనవలకి ఆ పేరే చెప్పారు. నఖ్లే అనువాదకుడు. సన్నగా, పొడుగ్గా, స్వెటరు మోచేతి దగ్గర చిరిగి ఉండేవాడు. బల్ల నిండా కాగితాలున్నా సిగరెట్టు పెట్టెల వెనకే పెన్సిలుతో రాసేవాడు, ఆ పెట్టెలు తెచ్చి నా ముందు పేర్చేవాడు, వాటితోపాటు నువ్వుల రొట్టె సగం తుంచి పెట్టేవాడు, నువ్వులు రాలి నా తడి సిరాలో అంటుకునేవి. "వదాద్, గాలిరౌతు ఒక దొంగని తిట్టాలి. పిల్లల పత్రికలో పట్టే తిట్టొకటి చెప్పు." "నీ తాత గాడిద అను." "అది మా తాతగారు రోజూ తిట్టే తిట్టు, ఆయన చదువుతారు, ఇంకోటి చెప్పు." పొద్దస్తమానం ఇదే. నా బల్లా అతని బల్లా ఎదురెదురు, మధ్యలో కిటికీ, మధ్యాహ్నం నాలుగు దాటాక వెలుగు ముందు అతని ముఖం మీద పడి ఆ తర్వాత నా కాగితం మీదికి వచ్చేది, అందుకే నాకు నాలుగంటే ఇష్టం. అంతకంటే ఏమీ లేదు మా మధ్య. ఏదైనా ఉందంటే ఆ రొట్టె సగం, అంతే. జహ్లే ఊరి నుంచి ఒక చిన్నపిల్ల ఉత్తరం రాసింది, గాలిరౌతు అన్నయ్యా, నువ్వు ఎడమచేతివాడివా, నేనూ అంతే, ఎడమచేత్తో రాస్తే మా మాస్టారు బెత్తంతో కొడుతున్నాడు అని. అచ్చు కోసం పేజీ తిరగేశామని రాయొచ్చు. నఖ్లే అలా రాయలేదు. "చెల్లెమ్మా, నేను ఎడమచేతివాణ్ణే. నీ మీద చెయ్యెత్తాలంటే ముందు నాలాగా ఎగరడం నేర్చుకుని రమ్మన్నానని మీ మాస్టారితో చెప్పు" అని రాసి, నాతో నా మంచి కలంతో సంతకం పెట్టించాడు, ఎడమచేత్తో పెట్టు వదాద్, నిజమనిపించాలి అని. పెట్టాను. వంకరటింకరగా వచ్చింది, ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు తెర మీద వాడు నవ్వుతున్నాడు, పళ్ళన్నీ కనిపించేలా, ఎవరో ఏదో జోకు వేశారు. హాలు గొల్లుమంది. నేనూ కాస్త పెదవి కదిపాను, చీకట్లో ఎవరు చూస్తారని కాదు, పాపం ఇంతమంది పనిగట్టుకుని నవ్వుతుంటే ఒక్కదాన్ని బిగదీసుకుని కూర్చోవడం మర్యాద కాదని. సినిమా చెడ్డదేం కాదు. బొమ్మ బాగుంది, రంగు బాగుంది, ఎగిరేటప్పుడు ఆ గాలి నిజంగా చెవుల్లో వీస్తోంది. చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళి పెళ్ళికొడుకు నాకు తెలిసినవాడు కాదని అప్పుడు గ్రహించినట్టుంది నా పరిస్థితి, అంతే. భోజనం బాగుంది, పాట బాగుంది, వీడెవరు?

"ఇదుగో తేతా, ఇదే, ఇదే," అంటోంది జూమానా, నా చెవిలో వెచ్చగా ఉప్పు వాసన. వంతెన వచ్చింది. నది మీద పొడుగాటి ఇనుప వంతెన, మధ్యలో తెగి వేలాడుతోంది, గాలిరౌతు స్నేహితుడు కారుతో సహా నీళ్ళలోకి జారుతున్నాడు, గాలిరౌతు ఎక్కడో ఆకాశపు చివర నుంచి వస్తున్నాడు, అందుకోలేడు. నాకు తెలుసు అందుకోలేడని. ఇరవై ఆరో పేజీ. అంతర్యుద్ధం మొదలైన ఆ శీతాకాలం పొద్దున్నే రేడియోలో వాతావరణం చెప్పినట్టు ఏ రోడ్డు తెరిచి ఉంది, ఏ రోడ్డు మూసుకుంది అని చెప్పేవాళ్ళు. గుర్తింపు కార్డు మీద మతం చూసి మనిషిని కారులోంచి దించేసే రోజులు. నఖ్లే ఇల్లు ఊరికి అటుపక్క, మా ఆఫీసు ఇటుపక్క. రోడ్డు మూసేస్తారని రోజూ మూడింటికల్లా వెళ్ళిపోయేవాడు. ఆ రోజు మూడు కావస్తుండగా ఆఖరి సిగరెట్టు పెట్టె తెచ్చి ఇరవై ఆరో పేజీ మీద పెట్టాడు. గాలిరౌతు స్నేహితుణ్ణి ఒళ్ళో పెట్టుకుని మాట్లాడే బుడగ. ఇంగ్లీషులో ఏదో పొడుగాటి ఏడుపు, అయ్యో మిత్రమా నేనింకొంచెం వేగంగా ఎగిరి ఉంటే అని. అతను దాన్ని ఇంకా అందంగా, ఇంకా పొడుగ్గా రాశాడు. బుడగ చూస్తే చిక్కుడుగింజంత. "నాలుగు మాటలు, నఖ్లే. అంతకు మించి పట్టవు." "అక్షరం చిన్నది చెయ్యి." "చిన్నది చేస్తే అచ్చులో చీమలు పాకినట్టుంటుంది. తగ్గించు." "రేపు తగ్గిస్తాలే." "పేజీ ఇవాళ ప్రెస్సుకి పోవాలి." అది అబద్ధం. ప్రెస్సువాడు ఆ రోజు రానని పొద్దున్నే ఫోన్ చేశాడు, నాకు తెలుసు. నాలుగింటి వెలుగు కావాలనిపించింది నాకు. ఒక్క రోజు, అంతే. అతను కోటు విప్పి మళ్ళీ కూర్చున్నాడు. రాశాడు, కొట్టేశాడు, రబ్బరుతో రుద్దాడు, సిగరెట్టు కాల్చాడు. నాలుగు దాటాక పెట్టె నా వైపు తోశాడు. "ఆలస్యం చేశాను. నన్ను క్షమించకు." నాలుగే మాటలు. సరిగ్గా పట్టాయి. చదివి నేను తలెత్తేసరికి కోటు తొడుక్కుంటున్నాడు, "సరిపోయాయా?" "సరిపోయాయి." "నువ్వు మనిషివి కాదు వదాద్, కొలబద్దవి," అని నవ్వి మెట్లు దిగాడు. బుడగలో సిరా ఆరలేదు ఇంకా.

మూడింటికి తెరిచి ఉన్న రోడ్డు నాలుగుంబావుకి మూసుకుంది. ఎవరు మూశారో, మనిషిని ఏం చేశారో చెప్పినవాళ్ళు లేరు. ఇటువాళ్ళని అడిగితే మావాళ్ళు కాదన్నారు, అటువాళ్ళూ అదే మాటన్నారు. నఖ్లే వాళ్ళమ్మ నెల రోజులపాటు ఆఫీసుకి వచ్చింది, చేతిలో ఉతికి మడతపెట్టిన స్వెటరు, మోచేతి చిరుగు కుట్టేసి. అతని కుర్చీలో కూర్చుని ఏడ్చేది. "రోజూ మూడింటికి బయల్దేరేవాడు కదమ్మా, ఆ రోజెందుకు ఆలస్యమైంది?" అని అడిగింది నన్ను. "పనుండింది" అన్నాను. ఆవిడ ఎదుట ఏడవడానికి నేనెవరిని? భార్యనా, చెల్లెల్నా, ఎదురుబల్లదాన్ని. తర్వాత ఏళ్ళ తరబడి అమ్మలు అలా మాయమైన కొడుకుల ఫొటోలు గుండెకి అదుముకుని పార్కులో గుడారం కింద కూర్చుంటే నేను ఆ దారినే కూరలకి వెళ్ళేదాన్ని, ఆగేదాన్ని, నా దగ్గర ఫొటో అయినా లేదు. శవం లేదు, సమాధి లేదు, ఏడవడానికి ఫలానా రోజంటూ లేదు. అలా ఆ రోజు రాకుండానే నలభై ఎనిమిదేళ్ళు గడిచాయి, నేను చిన్నగా, శుభ్రంగా, గీత దాటకుండా బతికాను, పెళ్ళి శుభలేఖలు రాశాను, దుకాణాల బోర్డులు రాశాను, అందరూ మెచ్చుకున్నారు, వదాద్ చెయ్యి వణకదు అని.

వాడు వచ్చేశాడు వంతెన దగ్గరికి. వయొలిన్లు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు, ఈ నిశ్శబ్దాన్ని గురించే పత్రికాయన ఒక పేరా రాశాడు. స్నేహితుణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాడు. ముఖం తెరంత అయింది. నా గొంతు దగ్గరికి ఏదో వచ్చి నిలబడింది, రా, ఇప్పుడు రా, నలభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. వాడు నోరు తెరిచాడు. అడుగున యంత్రం అక్షరాలు పడ్డాయి. "వద్దు. వద్దు. వద్దూ!" అంతే. అరిచి, ఆకాశం వైపు చూశాడు, వాన మొదలైంది. గొంతు దగ్గరికి వచ్చినది అక్కడ కాసేపు నిలబడి, పిలిచిన ఇల్లు ఇది కాదని తెలుసుకున్న మనిషిలా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నాకు కోపం కూడా రాలేదు. ఇంతేనా అనుకున్నాను. ఇంతేనా.

జూమానా మాత్రం ఏడుస్తోంది. మామూలుగా కాదు, భుజాలు ఎగిరెగిరిపడేలా. ముందు వరసలో గడ్డపాయన ఏడుస్తున్నాడు, పక్కనావిడ తల అతని భుజం మీద. నేను ఈ పిల్ల వీపు నిమురుతున్నాను. ఆ ఆగస్టులో దీనికి ఇరవై ఒకటి, నర్సు చదువు ఆఖరి ఏడు. ఆస్పత్రిలో కరెంటు లేదు, లిఫ్టు లేదు, పై అంతస్తుల్లోంచి రోగుల్ని దుప్పట్లలో వేసి, సెల్‌ఫోన్ పళ్ళతో పట్టుకుని ఆ వెలుతుర్లో మెట్లు దింపింది. ఒకాయన దింపుతుండగానే పోయాడు, కిందికి వచ్చేదాకా దానికి తెలియదు. మర్నాడు మా ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, రెండు గుడ్లు వేయించుకుని తిని, నా మంచం మీద పద్నాలుగు గంటలు నిద్రపోయింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. దానికి ఈ వంతెన పనికొచ్చింది. మూడుసార్లు వచ్చి ఏడ్చుకుంటోంది, ఏడవనీ. దాని దాహానికి ఈ నీళ్ళు సరిపోతున్నప్పుడు నాకు సరిపోలేదని బావిని తిట్టడం ఎందుకు?

చివర్లో స్నేహితుణ్ణి బతికించేశారు. ఏదో వెలుగు, ఏదో యంత్రం, కళ్ళు తెరిచి జోకేశాడు. హాలంతా లేచి చప్పట్లు. నేను చప్పట్లు కొట్టలేదు. మా పత్రికలో వాడు బతకలేదు.

తెర నల్లబడింది, దీపాలు సగం వెలిగాయి. నేను సంచి సర్దుకుని లేవబోతే జూమానా చెయ్యి పట్టి లాగింది. "కూర్చో తేతా, అప్పుడేనా? పేర్లన్నీ అయ్యాక ఇంకో చిన్న సీనుంది. అందరూ దాని కోసమే ఉన్నారు." నిజమే, ఒక్కరూ లేవలేదు. సెల్‌ఫోన్లు తీసి చూసుకుంటున్నారు, పాప్‌కార్న్ అడుగు గీకుతున్నారు. తెర మీద పేర్లు కింద నుంచి పైకి వెళ్తున్నాయి. అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేను, అది నా రోగం. మొదట పెద్దవాళ్ళవి, తర్వాత చిన్నవి, ఇంకా చిన్నవి, ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు. దీపాలు పట్టుకున్నవాళ్ళు. తీగలు మోసినవాళ్ళు. వడ్రంగులు, పన్నెండుమంది. జుట్టు దువ్వినవాళ్ళు. కుక్కని చూసుకున్నావిడ. అన్నం వండినవాళ్ళు, వడ్డించినవాళ్ళు, కార్లు తోలినవాళ్ళు, రెండో కారు తోలినవాడికి సహాయకుడు. ఒక్కణ్ణీ వదల్లేదు. వస్తూనే ఉన్నాయి, వందలు, వేలు, ఎవడూ చదవకపోయినా సరే, ఎవరో కూర్చుని ప్రతి పేరూ అడిగి, సరిచూసి రాశారు. మా పత్రికలో మా పేర్లు వేసేవాళ్ళు కాదు. మా యజమానురాలు మదామ్ లూరిస్ దానికొక కారణం చెప్పేది, మన పేర్లు చూస్తే గాలిరౌతుకి అరబీ రాదని పిల్లలకి తెలిసిపోతుంది, వాళ్ళ మనసు విరుగుతుంది అని. మాకూ అది బాగానే అనిపించింది, నవ్వుకున్నాం. తొమ్మిదేళ్ళు. నాలుగువందల పైచిలుకు సంచికలు. ఏ పేజీ మూలనా నఖ్లే పేరు లేదు. సమాధి రాయి మీద లేదు, ఎందుకంటే రాయి లేదు. చనిపోయినవాళ్ళ జాబితాలో లేదు, ఎందుకంటే చనిపోయినట్టు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఇన్ని వందల బోర్డులు రాశాను, చెప్పుల షాపు పేరు రాశాను, మిఠాయి కొట్టు పేరు రాశాను, నా చేత్తో ఒక్కసారైనా ఆ పేరు రాయలేదు. కుక్కని చూసుకున్నావిడ పేరు వెళ్ళిపోయింది, ఇంకెవరిదో వచ్చింది, నాకు ఉన్నట్టుండి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. కళ్ళజోడు కాదు. ముక్కులోంచి, గొంతులోంచి, కడుపులోంచి వస్తోంది, చప్పుడుతో సహా, పొలంలో మోటారు మొదట నాలుగుసార్లు దగ్గి ఆ తర్వాత నీళ్ళు తోసినట్టు. ఆపాలని కూడా అనిపించలేదు.

"చూశావా! నే చెప్పలా!" జూమానా ముఖం వెలిగిపోయింది, దాని బుగ్గలింకా తడిగానే ఉన్నాయి. "నచ్చింది కదూ?"

"లేదమ్మా. అస్సలు నచ్చలేదు."

"మరి ఎందుకు తేతా ఏడుస్తున్నావ్?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాను. "ఒకతనుండేవాడు," అన్నాను. "గాలిరౌతుకి ఆ పేరు పెట్టింది అతనే. నాతో పనిచేసేవాడు. ఒకరోజు నేను అబద్ధమాడి గంటకి పైగా ఆపాను. ఇంటికి చేరలేదు."

నవ్వు పోయింది దాని ముఖంలోంచి. ఎప్పుడు అని అడగలేదు, ఎవరు చేశారు అని అడగలేదు, నీ తప్పేం లేదులే తేతా అని కూడా అనలేదు. మెట్ల మీద మనిషిని మోసిన పిల్ల. పాప్‌కార్న్ డబ్బా కింద పెట్టి, ఉప్పు చేతిని లంగాకి తుడుచుకుని నా చెయ్యి అందుకుంది.

"పేరేంటి తేతా?"

"నఖ్లే."

"ఏ నఖ్లే? ఇంటిపేరు?"

వెనక వరసలోంచి ఎవరో ష్ష్ అన్నారు. "అమ్మా, కాస్త ఆగండి, అసలు సీను ఇప్పుడే." పేర్లు అయిపోయాయి, దీపాలు మళ్ళీ ఆరాయి, తెర మీద ఏదో కదిలింది, హాలంతా ముందుకి వంగింది. జూమానా తెరకి వీపు పెట్టి పూర్తిగా నా వైపు తిరిగి కూర్చుంది.

"నఖ్లే తామర్," అన్నాను, వెనక వరసవాళ్ళకి కూడా వినబడేలా.